కాలనీ నాటక సంఘం ఏడాది సీజన్ ఎట్ల నడపాలె: ఒక నాటిక, ఒక నాటకం, ఒక సంగీత నాటకం, మొదటి మీటింగ్ నుంచి లెక్కలు మూసేదాక

హన్మకొండ, కాజీపేట నుంచే కాదు, జమ్మికుంట, భూపాలపల్లి, గోదావరిఖని దిక్కు నుంచి కూడ ఒకటే ప్రశ్న వస్తున్నది. "మా దగ్గర ఇష్టమున్నోళ్లు పది పదిహేను మంది ఉన్నరు, ఒక నాటకం వేసినం, బాగనే అయ్యింది, కానీ ఏడాదంతా వరుసగ మూడు వెయ్యాలంటే ఎక్కడ మొదలుపెట్టాలె?" అని. విడివిడిగ జవాబులు చెప్పుడు కంటె అంతా ఒక్క దగ్గర రాస్తే మేలనిపించింది.

ఒక్క మాట మాత్రం ముందే చెప్త. మన లాంటి సంఘాలకు అందరు అనుకునేటట్టు పైసలు తక్కువై సీజన్ ఆగదు, సాయంత్రాలు తక్కువై ఆగుతది. అందరివి ఉద్యోగాలు, దుకాణాలు, పిల్లల పరీక్షలు. కాబట్టి కింద చెప్పేదంతా ఆ సాయంత్రాలను ఎట్ల కాపాడుకోవాలె అనే లెక్క మీదనే నడుస్తది.

1. స్క్రిప్ట్ కంటె ముందు సాయంత్రాలు లెక్క పెట్టుండ్రి

స్టేజీ మీద ఒక నిమిషానికి రిహార్సల్ ఒక గంట. అమెచ్యూర్ టీమ్ కి ఈ లెక్క దాదాపు సరిపోతది. 90 నిమిషాల నాటకం అంటే 90 గంటలు, రోజుకు రెండున్నర గంటలు కూసుంటే 36 సాయంత్రాలు, వారానికి నాలుగు అంటే 9 వారాలు. పెళ్లిళ్లు, జ్వరాలు, వానలు కలిపి ఇంకో రెండు వారాలు వేసుకోండి. 11 వారాలు.

40 నిమిషాల నాటికకు ఇదే లెక్కన 16 సాయంత్రాలు, అంటే నాలుగు వారాలు, ఆగినయి పోయినయి కలిపి ఆరు. రెండు గంటల సంగీత నాటకానికి మాత్రం నిమిషానికి గంట చాలదు, గంటన్నర వేసుకోవాలె. 180 గంటలు, 72 సాయంత్రాలు, వారానికి అయిదు కూసున్నా 15 వారాలు దగ్గర పడుతది. ఈ అంకె చూసి భయపడేటోళ్లు ఉంటరు. భయపడాల్సిందేమి లేదు గాని ఈ అంకె తెల్వకుంట తేదీ ప్రకటించొద్దు.

తర్వాత ఒక పెద్ద చార్ట్ తీసుకోండి. నిలువుగ మనుషుల పేర్లు, అడ్డంగ వారాలు. ప్రతి మనిషిని ఎదురుంగ కూసోబెట్టుకొని అడగాలె, ఏ రోజులు రాలేరు, ఇంట్ల పెళ్లి ఉన్నదా, పిల్ల టెన్త్ ఉన్నదా. గోదావరిఖని, భూపాలపల్లి సంఘాలకు ఇది ఇంకా ముఖ్యం. సింగరేణిల సెకండ్ షిఫ్ట్ పడ్డ మనిషి ఆ షిఫ్ట్ మారేదాక సాయంత్రం దొరకడు, కాజీపేట రైల్వే రన్నింగ్ స్టాఫ్ అయితే డ్యూటీ ఎప్పుడు పడుతదో వాళ్లకే తెల్వదు. అట్లాంటోళ్లను వద్దనకండి, ఆ వారం వాళ్లు లేని సీన్లు పెట్టుకుంటే సరిపోతది. చార్ట్ లేకపోతేనే "నువ్వు రాలే, నేను వచ్చి కూసున్న" అని లొల్లి అయితది.

2. ఏడాదిల ఏది ఎప్పుడు

మన దిక్కు క్యాలెండర్ కి సరిపోయే వరుస నేనైతే ఇట్ల పెడత.

- జూన్ మూడో వారం: బడులు తెరిచి అందరు కుదురుకున్నంక నాటిక రిహార్సల్ మొదలు
- ఆగస్టు మొదటి వారం: నాటిక ప్రదర్శన
- ఆగస్టు రెండో సగం: పెద్ద నాటకం చదువుడు మొదలు
- అక్టోబర్: పాటలు పాడేటోళ్లు మాత్రం వారానికి రెండు రోజులు సంగీత నాటకం పాటలు మొదలుపెట్టాలె
- నవంబర్ రెండో సగం: పెద్ద నాటకం ప్రదర్శన
- నవంబర్ చివరి నుంచి: సంగీత నాటకం పూర్తి రిహార్సల్
- ఫిబ్రవరి రెండో వారం లోపల: సంగీత నాటకం ప్రదర్శన, ఇంటర్ పరీక్షల కంటె ముందు

వినాయక నవరాత్రుల్ల రిహార్సల్ జాగ పక్కన మండపం పడ్డదంటే ఆ తొమ్మిది పది రోజులు మాట వినపడదు. కాబట్టి ఆ రోజుల్ల ఎవరింట్లనన్న తలుపులు పెట్టుకొని మాటలు బట్టీ పట్టే పని పెట్టుకోండి. ఎంగిలిపూల బతుకమ్మ నుంచి దసరా దాక సెలవు ఇచ్చేయండి. ఆడవాళ్లు సాయంత్రం బతుకమ్మ ఆడనీకె పోతరు, పోవాలె కూడ, ఆ టైమ్ ల రిహార్సల్ పెట్టి వాళ్లు రాలేదని మొకం మాడ్చుకునుడు అన్యాయం.

మేడారం జాతర రెండేళ్లకోసారి మాఘ మాసంల వస్తది, 2024 లో ఫిబ్రవరిల అయ్యింది, 2026 లో జనవరి చివర్ల. ఆ ఏడాది బస్సులు, పోలీసులు, జనం అందరు అటే. జాతర ఏడాదైతే సంగీత నాటకాన్ని ఏప్రిల్ కు జరుపుకోండి, ఏప్రిల్ 16 తెలుగు నాటకరంగ దినోత్సవం, ఆ వారం పెట్టుకుంటే పిలవనీకె సందర్భం కూడ ఉంటది. కానీ ఏప్రిల్ ల ఆరుబయట వేస్తే సాయంత్రం ఈదురుగాలి వస్తది, తెరలు, ఫ్లాట్లు (సెట్టింగ్ కు నిలబెట్టే పలకలు) గట్టిగ కట్టాలె.

సెప్టెంబర్ 9 కాళోజీ జయంతి, జూన్ 2 రాష్ట్ర అవతరణ దినం. ఈ రెండు తేదీల చుట్టూ ప్రభుత్వ హాళ్లు దొరికే ఆశ పెట్టుకోవద్దు.

3. హాలు

హన్మకొండ, వరంగల్ వాళ్లకు మస్తు జాగలున్నయి. పబ్లిక్ గార్డెన్ ల నేరెళ్ల వేణుమాధవ్ కళాప్రాంగణం, బాలసముద్రంల 2024 నవంబర్ లో తెరిచిన కాళోజీ కళాక్షేత్రం, అంబేద్కర్ భవన్, వరంగల్ ల పోతన విజ్ఞాన పీఠం. కిరాయి, డిపాజిట్ మారుతుంటయి, నేరుగ పోయి అడగండి, రసీదు తీసుకోండి.

నా అభిప్రాయం సూటిగ చెప్త. నాటికకు పెద్ద హాలు వద్దే వద్దు. మూడొందల మంది పట్టే జాగల రెండొందల యాభై మంది కూసుంటే ఆ నటుడికి వచ్చే ఊపు వేరు. అదే రెండొందల యాభై మంది వెయ్యి కుర్చీలల్ల తలో దిక్కు కూసుంటే నవ్వు కూడ గట్టిగ రాదు. పెద్ద హాలు సంగీత నాటకానికి దాచుకోండి.

హాలు చూడనీకె పోయినప్పుడు టేపు, టార్చ్ లైట్, ఒక గట్టి గొంతున్న మనిషిని తీసుకపోండి.

- స్టేజీ వెడల్పు, లోతు, తెర నుంచి వెనక గోడ దాక కొలత
- రెండు దిక్కుల వింగ్స్ ల (నటులు జనానికి కనపడకుంట నిలబడే స్టేజీ పక్క జాగలు) ఎంతమంది నిలబడొచ్చు
- వెనక నుంచి ఎడమ వింగ్ కెళ్లి కుడి వింగ్ కు జనానికి కనపడకుంట పోయే తొవ్వ ఉన్నదా
- ఆఖరి వరుసల కూసొని మైక్ లేకుంట మాట వినుడు
- కరెంట్ ఫేజ్ లు, లైట్లకు ఎంత లోడ్ తట్టుకుంటది, జనరేటర్ ఉన్నదా, పెట్టినంక ఎన్ని సెకన్లకు ఎత్తుకుంటది
- ఆడవాళ్లకు వేరే గ్రీన్ రూమ్, గొళ్లెం, అద్దం, బాత్రూంల నీళ్లు
- ముందు రోజు సాయంత్రం లైటింగ్ కి ఇస్తరా, ఇస్తే దానికి వేరే కిరాయా

ఈ ఆఖరిది ముఖ్యం. ప్రదర్శన రోజు పొద్దున ఇంకో మీటింగ్ ఉండి సాయంత్రం నాలుగింటికి హాలు చేతికిస్తం అంటే సంగీత నాటకానికి అసలు ఒప్పుకోవద్దు, తేదీ మార్చుకోండి.

4. ఏం వెయ్యాలె, హక్కులెట్ల

మీ దగ్గరున్న మనుషులను చూసి నాటకం ఎంచుకోండి. ఎనిమిది మంది మగవాళ్లు, ముగ్గురు ఆడవాళ్లు, ఇద్దరు పిల్లలు ఉంటే ఆ కొలతకు స్క్రిప్ట్ వెతకాలె. పదహారు పాత్రల నాటకం తెచ్చుకొని కొందరికి రెండేసి వేషాలు వేస్తే వింగ్ ల బట్టలు మార్చుడే నాటకమైతది.

హక్కుల సంగతి చాలామంది పట్టించుకోరు, పట్టించుకోవాలె. రచయిత పోయినంక 60 ఏండ్ల దాక కాపీరైట్ వారసులకు ఉంటది, ఆ లెక్క పోయిన ఏడాది తర్వాతి జనవరి నుంచి మొదలైతది. ఇద్దరు కలిసి రాస్తే ఆఖరుగ పోయినాయన నుంచి లెక్క. గురజాడ 1915 లో, బలిజేపల్లి లక్ష్మీకాంతం 1953 లో పోయిండ్రు కాబట్టి కన్యాశుల్కం, సత్య హరిశ్చంద్ర ఎవరన్న వేసుకోవచ్చు. తిరుపతి వేంకట కవులల్ల చెళ్లపిళ్ల 1950 దాక ఉన్నడు, వాళ్ల పాండవోద్యోగ విజయాలు నాటకాల పద్యాలకు కూడ ఇప్పుడు అడ్డం లేదు. కానీ ఆ పద్యాలు ఎవరో పాడిన రికార్డింగ్ ఉంటదే, అది వేరే హక్కు, దాన్ని స్టేజీ మీద ప్లే చెయ్యొద్దు, మీరు పాడుకోండి.

ఈ కాలపు రచయిత నాటకమైతే ముందు ఫోన్ చెయ్యండి. చట్టంల ఒక వెసులుబాటు ఉన్నది, అమెచ్యూర్ సంఘం టికెట్ పెట్టకుంట ఉచితంగ వేస్తే అది ఉల్లంఘన కాదు, 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ లో ఉన్నది. అయినా అడిగి వేసుడే మర్యాద, పైగ ఆ వెసులుబాటును చూసుకొని వీడియో యూట్యూబ్ లో పెట్టుడు, మాటలు మార్చుడు చెయ్యరాదు. కోస్తా మాటల్ల ఉన్న నాటకాన్ని మన యాసల్కి తెచ్చుకుందం అనుకుంటే రచయిత రాతపూర్వకంగ ఒప్పుకోవాలె, వాట్సాప్ మెసేజ్ అయినా సరే దాచిపెట్టండి.

బయటి దేశాల మ్యూజికల్ ఏదన్న తెలుగుల వెయ్యాలనుకుంటే ప్రదర్శన హక్కు వేరు, అనువాద హక్కు వేరు, పాటల బాణీలు వేరు, లైసెన్స్ ఇచ్చే కంపెనీకి రాయాలె, జవాబు రానీకె నెలలు పట్టొచ్చు. సినిమా పాట బాణీ వాడితే ఐపీఆర్ఎస్ (బాణీ, సాహిత్యం హక్కులు చూసే సంస్థ), రికార్డు చేసిన పాటే మోగిస్తే పీపీఎల్ (రికార్డింగ్ హక్కులు చూసే సంస్థ) దగ్గర లైసెన్స్ తీసుకోవాలె. ఇంత తిప్పలు ఎందుకు, మన జిల్లాలల్ల చిందు యక్షగానం ఉన్నది, పాట, ఆట, మాట మూడు కలిసిన సంగీత నాటకమే అది. 2024 లో పద్మశ్రీ వచ్చిన గడ్డం సమ్మయ్య గారిది జనగామ జిల్లానే. చిందు కళాకారులను పిలిచి నెల రోజులు నేర్పమని అడగండి, నేర్పినందుకు పైసలియ్యండి, పోస్టర్ మీద వాళ్ల పేరు నటుల కంటె పైన వెయ్యండి. వాళ్ల బాణీలు తీసుకొని పేరు లేకుంట వేసుకునుడు మాత్రం దొంగతనమే.

5. పనులు ఎవరికి

డైరెక్టర్ ఒక్కడే అన్నీ చేస్తే రెండో నాటకానికి ఆయన ఉండడు. కనీసం ఈ పనులకు వేరేవేరే మనుషులుండాలె.

- డైరెక్టర్: నటన, కదలికలు, అంతే
- నిర్వాహకుడు: హాలు, పర్మిషన్లు, పైసలు
- స్టేజీ మేనేజర్: రిహార్సల్ హాజరు, స్క్రిప్ట్ మాస్టర్ కాపీ, ప్రదర్శన రోజు మొత్తం ఈయన మాటే
- సంగీతం చూసేటాయన: సంగీత నాటకానికి మాత్రమే, కానీ అక్టోబర్ నుంచే
- సామాను, బట్టలు చూసే ఒక అక్క లేక అన్న
- ప్రాంప్టర్: వింగ్ ల నిలబడి మర్చిపోయిన మాట అందించేటాయన

స్టేజీ మేనేజర్ ని తొందర తొందరగ ఎంచుకోవద్దు. గొంతు పెంచకుంట పని చేయించేటోళ్లు, టైమ్ కు వచ్చేటోళ్లు కావాలె. వేషం రాలేదని అలిగిన మనిషికి ఓదార్పుగ ఈ పని ఇచ్చిండ్రంటే మొత్తం సీజన్ కు దెబ్బ.

ఏడుగురు సభ్యులుంటే తెలంగాణ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద సంఘం రిజిస్టర్ చేసుకోవచ్చు. బ్యాంక్ అకౌంట్ సంఘం పేరు మీద ఉంటది, చందా ఇచ్చేటోళ్లకు నమ్మకం వస్తది.

6. పైసలు

ఒక నోట్ బుక్, ఒక అకౌంట్, ఖర్చు పెట్టాలంటే ఇద్దరి సంతకాలు. మూడు ప్రదర్శనలకు మూడు వేరే బడ్జెట్లు రాయండి, ప్రతిదాంట్ల పదో వంతు ముట్టకుంట పక్కకు పెట్టండి.

టికెట్ మనిషికి 500 రూపాయల లోపలైతే నాటక ప్రదర్శనకు జీఎస్టీ లేదు. టికెట్ పెట్టాలా వద్దా అనేదానికి నేనైతే నాటికకు ఉచితం, సంగీత నాటకానికి టికెట్ అంట. టికెట్ పెడితే మాత్రం పైన చెప్పిన 52వ సెక్షన్ వెసులుబాటు పోతది, అది గుర్తుంచుకోండి.

7. నాటకం రిహార్సల్ వరుస

వరుస తప్పితే సాయంత్రాలు వేస్టు. 11 వారాలను ఇట్ల పంచుకోండి.

మొదటి వారం కూసొని చదువుడే. ఎవ్వరు లేవొద్దు, నటించొద్దు. ఎవరి మాట ఎవరికి తగులుతున్నది, ఎక్కడ అర్థం కాలే, అది మాట్లాడుకోవాలె. ఈ వారంలనే స్క్రిప్ట్ కి కోతలు ఖాయం చెయ్యండి, తర్వాత మార్చొద్దు.

రెండు నుంచి నాలుగో వారం దాక కదలికలు. హాలు స్టేజీ కొలత తెచ్చుకున్నరు కదా, రిహార్సల్ జాగల నేల మీద సుద్దతోని అంతే కొలత గీయండి. తలుపెక్కడ, మంచమెక్కడ, వింగ్ ఎక్కడ. జాగ చిన్నగుంటే స్టేజీని సగం సగం చేసుకొని చెయ్యండి గాని కొలత కుదించొద్దు. కుదించి నేర్చుకున్న నటుడు హాలుకు పోయినంక నాలుగు అడుగులు తక్కువేసి మధ్యల ఆగిపోతడు.

అయిదో వారం మొదట్ల పుస్తకం పక్కకు. ఈ తేదీ మొదటి రోజే చెప్పాలె, అందరు అదే రోజు వదలాలె. మాట మర్చిపోతే ప్రాంప్టర్ ను అడగొచ్చు, పుస్తకం మాత్రం చేతిల ఉండొద్దు. ఆ వారం రిహార్సల్ చూడనీకె ఘోరంగ ఉంటది, ఉండనియ్యండి, డైరెక్టర్ కోపం చెయ్యొద్దు.

ఆరు నుంచి ఎనిమిది దాక సీన్లు విడదీసి పని. అందరిని రోజూ పిలవకండి. ఇద్దరి సీన్ కు ఇద్దరినే పిలవాలె, వాళ్లకు గంట, ఇంకో నలుగురికి గంటన్నర. పది మంది చాయ్ తాక్కుంట కూసుండి ఇద్దరు చేస్తుంటే చూసుడే మన సంఘాలల్ల మనుషులు మానేసే మొదటి కారణం.

తొమ్మిది, పది: మొత్తం నాటకం ఆపకుంట. తప్పు పోయినా ఆగొద్దు. డైరెక్టర్ కాగితం మీద రాసుకొని అయినంక చెప్పాలె. ఈ వారాలల్లనే అసలు సామాను చేతికియ్యండి, కర్ర, చెంబు, ఫోన్, ఏదైతే అది.

పదకొండు: లైట్లతోని, బట్టలతోని, మేకప్ తోని.

మాస్టర్ కాపీ ఎట్ల తయారు చెయ్యాలెనో జర వివరంగ చెప్త, ఎందుకంటే ఇదొక్కటి ఉంటే సగం గందరగోళం తీరుతది. స్క్రిప్ట్ ను కాగితానికి ఒక దిక్కే జిరాక్స్ తీయించండి, రింగ్ ఫైల్ ల పెట్టండి. మాటలున్న పేజీ కుడి దిక్కు, ఖాళీ పేజీ ఎడమ దిక్కు. ఎడమ పేజీల స్టేజీ బొమ్మ చిన్నగ గీసి ఎవరెటు నడిచిండ్రో బాణం గుర్తులు పెన్సిల్ తోనే, ఎందుకంటే మారుతయి. లైట్ మారే మాట కింద ఎర్ర గీత, శబ్దం రావాల్సిన మాట కింద నీలం గీత, తెర కు ఆకుపచ్చ. ప్రతి గీతకు రెండు మాటల ముందు "రెడీ" అని రాయాలె. ప్రదర్శన రోజు స్టేజీ మేనేజర్ ఆ "రెడీ" చూసి లైట్ బోయ్ కు చెయ్యి లేపుతడు, గీత రాంగనే దించుతడు. అంతే.

8. సంగీత నాటకానికి వేరే పద్ధతి

ఇక్కడ చాలామంది నాటకం లెక్కనే మొదలుపెట్టి ఆఖరి మూడు వారాలల్ల పాటలు కలుపుదమనుకుంటరు. అది కాదు. పాటలు ముందు, ఆట తర్వాత, మాట ఆఖరుకు.

మొదటి పని శృతి చూసుకునుడు. ప్రతి పాడే మనిషిని హార్మోనియం ముందు కూసోబెట్టి కింది స్వరం ఎంతదాక దిగుతది, పైకి ఎంతదాక గొంతు చిరగకుంట పోతది అని రాసుకోవాలె. మగవాళ్లు ఎక్కువమంది ఒకటి నుంచి రెండు శృతిల (ఈ అంకెలు హార్మోనియం మెట్ల లెక్క), ఆడవాళ్లు నాలుగున్నర నుంచి ఆరు మధ్యల పాడతరు. ఒంటి పాటలకు తిప్పలుండదు. సమస్యంతా యుగళానికి. ఆయనది ఒకటిన్నర, ఆమెది అయిదు, ఇద్దరిని మూడు మీద కలిపితే ఆయన పైకి పోయి కీచుమంటడు, ఆమె కింద వినపడదు. అట్ల కలపొద్దు. ఆయన చరణం ఆయన శృతిల అయినంక డోలక్ మీద నాలుగు ఆవర్తాల (తాళం నాలుగు చుట్లు) దరువు పెట్టండి, ఆ దరువుల హార్మోనియం ఆమె శృతికి మారుతది, స్టేజీ మీద వాళ్లిద్దరు జాగలు మారుతరు. జనానికి అది ఆటలాగనే కనపడుతది. ఆఖరి పల్లవి ఇద్దరు కలిసి పాడేది ఒక్కటే ఆమె శృతిల, ఆయన కింది స్థాయిల పాడతడు.

పద్యం ఉంటే ఇంకో జాగ్రత్త. రాగం తీసుడు మొదలుపెడితే మనోళ్లు ఆగరు, చప్పట్లు పడితే వన్స్ మోర్ కూడ. ఒక్కో పద్యానికి టైమ్ ముందే కట్టండి, వన్స్ మోర్ ఎన్ని పద్యాలకు ఒప్పుకుంటమో డైరెక్టర్ చెప్పాలె. లేకపోతే రెండు గంటల నాటకం మూడు గంటలైతది, ఆఖరి అంకానికి జనం బస్సుకు లేచిపోతరు.

వరుస ఇట్ల:

- అక్టోబర్, నవంబర్: పాటలు కూసొని, హార్మోనియం మీద మాత్రమే, వారానికి రెండు రోజులు. ప్రతి పాట ఫోన్ ల రికార్డ్ చేసి గ్రూప్ ల పెట్టండి, ఇంట్ల వింటరు
- డిసెంబర్ మొదటి సగం: పాట నోటికొచ్చినంక అడుగులు
- డిసెంబర్ రెండో సగం: పాడుకుంట అడుగులు. ఊపిరి ఎక్కడ ఆగుతదో అక్కడ అడుగు తగ్గించండి, పాట తగ్గించొద్దు
- జనవరి: మాటల సీన్లు, పాటకు మాటకు మధ్య అతుకు. సంక్రాంతికి నాలుగు రోజులు సెలవు, ఐనవోలు జాతరకు పోయేటోళ్లు పోతరు
- జనవరి చివరి వారం: వాయిద్యాలన్నీ కలిపి
- ఫిబ్రవరి మొదటి వారం: మైకులతోని, బట్టలతోని మూడు సార్లు పూర్తిగ

మాట నుంచి పాటలకు పోయే ఆ అతుకు మీద చాలా సాయంత్రాలు పెట్టండి. హార్మోనియం ఎత్తుగడ మాట అయిపోయినంక వస్తే మధ్యల రెండు సెకన్లు అందరు బొమ్మల్లెక్క నిలబడతరు. ఆఖరి మాట సగంల ఉండంగనే శృతి మెల్లగ మొదలు కావాలె.

ట్రాక్ పెట్టి పాడుడు సులువు, ఖర్చు తక్కువ, కానీ నటుడు ఒక లైన్ మర్చిపోతే ట్రాక్ ఆగదు. హార్మోనియం, తబలా, డోలక్, తాళాలు, ఈ నలుగురుంటే చాలు, వాళ్లు నటుడిని చూసి కాపాడుకుంటరు. వాళ్లను స్టేజీ పక్కన నటుల మొకాలు కనపడేటట్టు కూసోబెట్టండి.

9. మైకులు, లైట్లు, సామాను

నాటికకు ముందు అంచున నేల మీద రెండు మైకులు, పైన వేలాడేవి రెండు చాలు. సంగీత నాటకానికి ముఖ్య పాత్రలకు కాలర్ మైకులు కావాలె. బ్యాటరీలు ప్రతి ప్రదర్శనకు కొత్తవి, విరామంల మళ్ల ఒకసారి చూసుకోవాలె. మైక్ వైర్ ను మెడ వెనక మెడికల్ టేప్ తోని అంటించండి, చెమటకు మామూలు టేప్ ఊడుతది. నగల వేషాలుంటే హారం మైక్ కు తాకి గలగలమంటది, బట్టల రిహార్సల్ లనే చూసుకోండి.

లైట్లు ఎక్కువున్నయని మార్చుకుంట పోవద్దు. మొకం కనపడాలె, అది మొదటిది.

సామానుకు ఒక బల్ల. దాని మీద తెల్ల పేపర్ పరిచి ప్రతి వస్తువు చుట్టూ మార్కర్ తోని గీత గీసి లోపల పేరు రాయాలె. ఖాళీ గీత కనపడ్డదంటే వస్తువు ఎవరి దగ్గరనో ఉన్నట్టు. దీపం, కాగడా లాంటివి నిజం మంట వద్దు, ఎల్ఈడీ పెట్టండి. తెరలు పాత గుడ్డలుంటయి, నిప్పు తొందరగ అంటుకుంటది. అయినా వింగ్ ల రెండు బకెట్ల ఇసుక, ఒక ఫైర్ సిలిండర్ ఉండాలె.

10. పర్మిషన్లు

హాలు బుకింగ్ రసీదు జత చేసి దగ్గరి పోలీస్ స్టేషన్ల దరఖాస్తు ముందే ఇవ్వండి, ముద్ర వేసిన కాపీ తెచ్చుకోండి. ఆరుబయట వేస్తే రాత్రి 10 నుంచి పొద్దున 6 దాక లౌడ్ స్పీకర్ వాడరాదు, 2000 శబ్ద కాలుష్య నిబంధనలల్ల ఉన్నది. మూసిన ఆడిటోరియంకు ఇది అడ్డం కాదు గాని ఎట్లైనా తొమ్మిదిన్నరకు అయిపోయేటట్టు చూడండి.

11. జనం రానీకె

పోస్టర్ ఒక్కటే నమ్ముకోవద్దు. ప్రతి నటుడు పది ఇండ్లకు పోయి పిలవాలె, "అక్కా, శనివారం ఆరున్నరకు, నువ్వు మామ తప్పకుండ రావాలె" అని నోటితోని. కాలేజీలు, బడులు, వాకర్స్ సంఘాలు, పెన్షనర్ల సంఘాలు. పెన్షనర్లు మొదటి వరుసల కూసొని మొత్తం చూసి, మళ్ల నలుగురికి చెప్పేటోళ్లు.

కార్డు మీద మొదలయ్యే టైమ్ తో పాటు అయిపోయే టైమ్ కూడ వెయ్యండి. జనగామ, పరకాల, నర్సంపేట నుంచి వచ్చేటోళ్లకు తిరుగు బస్సు చూసుకోవాలె కదా.

సన్మానాలు, ఉపన్యాసాలు నాటకానికి ముందు పెట్టొద్దు. గంటసేపు శాలువాలు కప్పినంక తెర లేస్తే జనం ఓపిక సగం పోయి ఉంటది. విరామంల పది నిమిషాలు చాలు. పెద్దమనుషులకు ఈ మాట ముందే, మర్యాదగ, ఫోన్ ల చెప్పేయండి.

12. ప్రదర్శన రోజు

- పొద్దున 9: సెట్టింగ్, లైట్లు
- 12: మైకులు, ఒక్కో నటుడితోని రెండు లైన్లు, ఒక్కో పాట పల్లవి
- 1: అన్నం, తేలికగ. పెరుగు, పులుపు పాడేటోళ్లకు వద్దు
- 2: ఎంట్రీలు, ఎగ్జిట్లు, లైట్ మారే జాగలు మాత్రమే. మొత్తం నాటకం చెయ్యొద్దు, గొంతు పోతది
- 4: మేకప్, ముందు పౌరాణిక వేషాలు
- 5:30: ఫోన్లన్నీ ఒక సంచిల, స్టేజీ మేనేజర్ దగ్గర
- 6: గేట్లు, చుట్టాలెవ్వరు గ్రీన్ రూమ్ లకు రావొద్దు
- 6:30: పది మందున్నా పది వందల మందున్నా తెర లేవాలె

13. ఎక్కువ అయ్యే తప్పులు, వెంటనే ఏం చెయ్యాలె

ముఖ్య నటుడు రెండు వారాల ముందు తప్పుకున్నడు: ప్రాంప్టర్ కు మాటలన్నీ వచ్చి ఉంటయి, మొదట ఆయననే అడగండి. అందుకే ప్రాంప్టర్ గ గొంతున్న మనిషిని పెట్టుకోవాలె.

స్టేజీ మీద మాట పోయింది: ఎదురుంగ ఉన్న నటుడు ప్రశ్న వెయ్యాలె, "మరి ఇంతకూ ఏమైందన్నవ్?" అని. ఇది రిహార్సల్ ల కావాలని మాట ఆపి ప్రాక్టీస్ చేయించండి.

కరెంట్ పోయింది: నటులు ఉన్న జాగలనే ఆగాలె, వింగ్ లకు ఉరకొద్దు, చీకట్ల దెబ్బలు తగులుతయి. తబలా మాత్రం ఆపొద్దు, చప్పుడుంటే జనం లేవరు.

డైరెక్టర్ కు సంగీతం చూసేటాయనకు పడతలేదు: పాట లోపల సంగీతం ఆయన మాట, పాట ఎక్కడ మొదలు ఎక్కడ ఆఖరు అనేది డైరెక్టర్ మాట. మొదటి రోజే అందరి ముందు ఇది చెప్పేయండి.

రెండో నాటకం అయినంక అందరు అలిసిపోయిండ్రు: వారం రోజులు గ్రూప్ ల ఎవ్వరు మెసేజ్ పెట్టొద్దు. సంగీత నాటకంల పెద్ద నాటకం చేసిన ముఖ్యులకు చిన్న వేషాలే ఇవ్వండి, కొత్తోళ్లను ముందుకు తెండి.

14. తెర దించినంక

ఆ రాత్రే కిరాయి సామాను లెక్క పెట్టి బండి ఎక్కించండి, మరుసటి రోజుకు వదిలితే రెండు కిరీటాలు, ఒక గద మాయమైతయి. హాలు ఊడ్చి తాళాలు, డిపాజిట్ రసీదు చేతుల్ల మార్చుకోండి. వాయిద్యాలోళ్లకు, మేకప్ ఆయనకు, లైట్లోళ్లకు పైసలు అదే రాత్రి, "రేపు ఫోన్ పే చేస్త" అనొద్దు.

నాలుగు రోజులల్ల ఒక మీటింగ్. అందులో నటన గురించి మాట్లాడొద్దు, చార్ట్ ముందట పెట్టుకొని ఎన్ని సాయంత్రాలు అనుకున్నం, ఎన్ని పట్టినయి, ఎవరి సాయంత్రాలు వేస్టయినయి అని రాసుకోండి. వారం లోపల లెక్కలు రాసి, రసీదులు అంటించి, గ్రూప్ ల ఫొటో పెట్టండి. ఆ చార్ట్, మాస్టర్ కాపీ, లెక్కల పుస్తకం మూడు ఒక పెట్టెల పెట్టి స్టేజీ మేనేజర్ ఇంట్ల ఉంచండి. వచ్చే జూన్ ల మొదటి మీటింగ్ కు ఆ పెట్టెతోనే రావాలె.